రాగి రేకు మీద కితాబత్

1936లో ఒక ముహాజిర్ వియన్నా నుంచి లండన్ చేరాడు. పేరు పాల్ ఐస్లర్. యహూదీ కుటుంబం. ముప్ఫై ఏళ్లు ఇంకా నిండలేదు. చేతిలో ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది కానీ, వతన్‌లో యహూదీ కుర్రాడికి నౌకరీ దొరికే రోజులు కావవి. హాంప్‌స్టెడ్ పేటలో ఒక బోర్డింగ్ హౌస్‌లో దిగాడు. అక్కడే చేత్తో ఒక రేడియో తయారు చేశాడు. వినడానికి అన్ని రేడియోల్లాంటిదే. వెనక మూత తీస్తే మాత్రం లోపల తీగల చిక్కు లేదు. ఒక పలక, దానికి అంటుకుని ఉన్న రాగి గీతలు, అంతే.

ఆ జమానాలో రేడియో అంటే ఇనప చట్రం, దాని మీద వాల్వులు, కింద డజన్ల కొద్దీ తీగలు. ప్రతి తీగనీ కొలిచి, కత్తిరించి, కొనలు ఒలిచి, సోల్డర్ చేయాలి. ఫ్యాక్టరీల్లో బల్లల ముందు వరసగా కూర్చుని ఈ పని చేసింది ఎక్కువగా ఆడపిల్లలే. ఐస్లర్ తన రేడియోను ప్లెస్సీ అనే పెద్ద కంపెనీకి తీసుకెళ్లి చూపించాడు. తీగలన్నిటినీ ఒక్కసారే అచ్చు వేసేయొచ్చన్నాడు. వాళ్లు వద్దన్నారు. ఈ పనికి మా దగ్గర ఆడపిల్లలున్నారు, వాళ్లు నీ పలక కంటే చవక, ఏ పనికి కావాలంటే ఆ పనికి మార్చుకోవచ్చు అన్నది వాళ్ల జవాబు సారాంశం.

ఎలక్ట్రానిక్స్ తారీఖ్‌లో చిప్పులు, కంప్యూటర్లు, రాకెట్ల గురించి చాలా చదివాను. నా మనసులో దిగబడిపోయింది మాత్రం ఈ జవాబే. అందుకే ఈసారి రాజులూ నవాబులూ కాకుండా సర్క్యూట్ బోర్డు గురించి రాస్తున్నాను. మీ ఇంట్లో రిమోట్ విప్పితే కనిపించే ఆ ఆకుపచ్చ పలక గురించి. చిన్న జాగాలో ఎక్కువ సామాను ఇమిడేలా దాని నక్షా గీయడం ఒక హునర్. ఆ హునర్‌కు ఎవరెవరికి ఎంత ఉజ్రత్ ముట్టిందన్నదే దాని అసలు కథ అని నా ఖయాల్.

జర్నలిస్టుకు ఈ గొడవ ఎందుకని అడగొచ్చు. దాని పేరే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు. ప్రింటెడ్ అన్న మాట అక్కడ ఊరికే లేదు. ఇది పుట్టింది ప్రెస్సులో.

ఐస్లర్ వియన్నాలో కొంతకాలం అచ్చు పనుల్లో, పత్రికల పనిలో గడిపాడు. అక్కడ బొమ్మ పేజీలోకి ఎలా వస్తుందో దగ్గర నుంచి చూశాడు. ముందు బొమ్మను పెద్దగా గీస్తారు. కెమెరాతో చిన్నది చేస్తారు. ఆ నెగటివ్‌ను వెలుతురు తగిలితే గట్టిపడే పూత ఉన్న లోహపు రేకు మీద పెట్టి కాంతి పడేలా చేస్తారు. గట్టిపడిన చోట పూత నిలుస్తుంది, మిగతా చోట్ల కడిగితే పోతుంది. తర్వాత రేకును తేజాబులో ముంచితే, పూత లేని లోహాన్ని అది తినేస్తుంది. మిగిలిందే అచ్చు. ఐస్లర్ ఆలోచన అక్కడి నుంచి ఒక్క అడుగు. పలకకు రాగి రేకు అంటించి, అక్షరాల బదులు తీగల నక్షా వేసి, అదే తేజాబుకు వదిలితే? మిగిలిన రాగి గీతే తీగ అవుతుంది. వెయ్యి రేడియోలకు వెయ్యి సార్లు తీగలు కత్తిరించక్కర్లేదు, అఖ్బార్ కాపీల్లా తీసుకోవచ్చు.

ఐస్లర్‌కు ముందు ఎవరికీ తట్టలేదని కాదు. జర్మనీలో ఆల్బర్ట్ హాన్సన్ 1903లోనే రేకు తీగల పేటెంటు రాసుకున్నాడు. అమెరికాలో చార్ల్స్ డ్యూకాస్ 1925లో ఇంకో దారి చూపించాడు. కానీ ప్రెస్సు పద్ధతిని మొత్తంగా తెచ్చి రేడియోకు తగిలించిన ఘనత ఐస్లర్‌దే.

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. సర్క్యూట్‌ను మా సైన్స్ కితాబులో ‘బర్ఖీ దౌర్’ అనేవాళ్లు. బర్ఖ్ అంటే మెరుపు, దౌర్ అంటే చుట్టు తిరిగి రావడం. మన హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో దారుల్ తర్జుమా పెట్టి, సైన్స్ కితాబులన్నీ ఉర్దూలోకి తెచ్చిన రోజుల వాసన ఇలాంటి మాటల్లో ఇంకా మిగిలి ఉంది. మా స్కూలు వీధిలోనే ఒక కాతిబ్ సాబ్ కూర్చునేవారు. షాదీ రుక్కాలు రాసేవారు. రుక్కా ఎంత ఇరుకైన వ్యవహారమో మీ అందరికీ తెలుసు. దుల్హా వైపు పెద్దలు, దుల్హన్ వైపు పెద్దలు, మామూలు, ఖాలూలు, ఫూఫాలు, ఒక్క పేరు పోయినా వలీమా దాకా అలక. కాగితం మాత్రం అరచేయంత. కాతిబ్ సాబ్ ఒక పేరును సాగదీసేవారు, ఇంకో పేరును పైకి ఎక్కించి కూర్చోబెట్టేవారు, ‘సీన్’ కడుపులోని ఖాళీలో పక్క పదం నుక్తాలు సర్దేవారు. అయినా పట్టకపోతే కలం పక్కన పెట్టి, పెళ్లివారి వైపు తలెత్తి, “మియా, ‘సాహిబ్’ తీసేసి ‘జనాబ్’ ముందు పెడదామా?” అనేవారు. ఆ ప్రశ్న గుర్తుంచుకోండి. దానితో మనకు ఇంకా పని ఉంది.

ఐస్లర్ విషయానికి వద్దాం. యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ సర్కారు 1940లో అతన్ని దుష్మన్ దేశపు మనిషిగా లెక్కగట్టి నిర్బంధంలో పెట్టింది. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాణ్ని హిట్లర్ మనిషేమో అని పట్టుకోవడం! బయటికొచ్చాక హెండర్సన్ అండ్ స్పాల్డింగ్ అనే లిథోగ్రఫీ ప్రెస్సు అతన్ని పనిలోకి తీసుకుంది. రేడియో కంపెనీ కాదు, చూశారా, మళ్లీ ప్రెస్సే. ఐస్లర్ కాగితం చదవకుండా దస్తఖత్ చేశాడు. నౌకరీలో ఉండగా ఏం కనిపెట్టినా దాని హక్కు కంపెనీదే, బదులుగా అతనికి ఒక పౌండు. అవును, ఒక్క పౌండు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, ఆ ఇజాద్ కోసం పెట్టిన టెక్నోగ్రాఫ్ అనే కంపెనీలో అతనికి 16.5 శాతం వాటా కూడా ఇచ్చారు. కానీ పేటెంటు అతని చేతిలో లేదు.

1943లో పేటెంటు దరఖాస్తు పెట్టారు. బ్రిటన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికా వాళ్లకు మాత్రం అప్పుడే దాని అవసరం పడింది. విమానం దగ్గరికి వెళ్లగానే దానంతటదే పేలే తోపుగుండు కావాలి వాళ్లకు. అంటే గుండు ముక్కులోనే ఒక చిన్న రేడియో పట్టాలి, తోపు లోంచి దూసుకెళ్లే ఆ దెబ్బకు అది చెక్కుచెదరకూడదు. చేత్తో అల్లిన తీగలు అక్కడ నిలిచేది కష్టం. వాళ్లు పింగాణీ లాంటి ముక్కల మీద వెండి సిరాతో తీగలు అచ్చు వేసే పద్ధతి కూడా తయారు చేసుకున్నారు. ఇరుకు జాగాలో సర్క్యూట్ పట్టించే విద్య మొదట పెద్ద ఎత్తున పనికొచ్చింది చంపడానికే. దీన్ని దాటేసి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

యుద్ధం తర్వాత దునియా అంతా అచ్చు సర్క్యూట్లే వేసుకుంది. టెక్నోగ్రాఫ్‌కు లైసెన్సు డబ్బు కట్టినవాళ్లు మాత్రం బహుత్ కమ్. 1957లో ఐస్లర్ ఆ కంపెనీ వదిలేశాడు. 1963లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ మీద టెక్నోగ్రాఫ్ వేసిన ముకద్దమా ఓడిపోయింది. ఐస్లర్ 1992లో లండన్‌లో చనిపోయాడు. చనిపోవడానికి మూడేళ్ల ముందు తన జీవితం గురించి ఒక కితాబు రాశాడు. దాని పేరులో కూడా ప్రింటెడ్ సర్క్యూట్ ఉంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1950లు, 60లలో అమెరికాలో జెనిత్ అనే టీవీ కంపెనీ, మా టీవీలో ప్రింటెడ్ సర్క్యూట్ లేదు, అంతా చేత్తో చేసిన వైరింగే అని గొప్పగా ఇష్తెహార్లు ఇచ్చుకుంది. ఒకచోట చవక అని పక్కన పెట్టుకున్న అదే చేతి పని, ఇంకోచోట శానుగా అమ్ముడుపోయింది. చేతులకు ముట్టిన మజ్దూరీ మారిందా అంటే నాకు నమ్మకం లేదు.

సరే, బోర్డు గీయడంలో అంత కష్టం ఏముంది? పిల్లలకు ఒక పొడుపు లెక్క ఇస్తుంటారు. మూడు ఇళ్లు. నీళ్లు, గ్యాసు, కరెంటు, మూడు కేంద్రాలు. ప్రతి ఇంటికీ మూడు కేంద్రాల నుంచీ గీత గీయాలి, ఏ గీతా ఇంకో గీతను దాటకూడదు. మీ పిల్లలకు కాగితం ఇచ్చి చూడండి, ఇఫ్తార్ దాకా కదలరు. ఎనిమిది గీతలు పడతాయి, తొమ్మిదోది పడదు. ఎందుకు పడదో గణితంలో ఖాయంగా నిరూపించారు. రాగి గీతలు ఒకదాన్నొకటి తాకితే షార్ట్, ఖేల్ ఖతం. బోర్డు గీసేవాడి తిప్పలన్నీ ఈ తొమ్మిదో గీతవే.

దానికి కొన్ని దారులున్నాయి. మన బస్తీల్లో సౌదీ నుంచో దుబాయి నుంచో టూ-ఇన్-వన్ రాని గల్లీ ఉండేది కాదు. ఎప్పుడైనా మెకానిక్ దాన్ని విప్పినప్పుడు చూశారా? గోధుమ రంగు పలక, ఒకవైపే రాగి. పై వైపు చిన్న చిన్న వెండి తీగలు, కుట్టు వేసినట్టు అక్కడక్కడ. వాటిని జంపర్లు అంటారు. దాటలేని గీత మీదుగా వేసిన పుల్ అన్నమాట. రెండో దారి, పలకకు రెండు వైపులా రాగి వేసి, రంధ్రం గుండా ఈ వైపు గీతను ఆ వైపుకు దించడం. ఆకుపచ్చ బోర్డుల మీద కనిపించే సన్నటి చుక్కలు ఆ రంధ్రాలే. ఇంకా డబ్బుంటే నాలుగు పొరలు, ఆరు పొరలు. కానీ ప్రతి రంధ్రమూ ఖర్చు, ప్రతి రంధ్రమూ జాగా. చిప్పు కాళ్ల మధ్య దూరం అప్పట్లో పదోవంతు అంగుళం. రెండు కాళ్ల మధ్య నుంచి ఒక గీతను తీసుకెళ్లాలంటే ఇరువైపులా వెంట్రుక వాసి వదలాలి.

కంప్యూటర్లు రాకముందు ఇదంతా చేత్తోనే. పారదర్శకంగా ఉండే మైలార్ షీటును లైట్ టేబుల్ మీద పరిచి, అసలు సైజుకు రెట్టింపుగానో నాలుగు రెట్లుగానో నక్షా పేర్చేవాళ్లు. గీయడం కాదు, నల్లటి సన్నని టేపు అంటించడం. పై వైపుకు ఎర్ర టేపు, కింది వైపుకు నీలం టేపు వాడే పద్ధతి కూడా ఉండేది. రెంటినీ ఒకే షీటు మీద పెట్టి, ఫిల్టర్ వేసి కెమెరాతో విడివిడిగా తీసేవారు. మూల తిరిగిన చోట బ్లేడుతో కోత. తర్వాత కెమెరా, నెగటివ్, తేజాబ్. నేను డెస్కులో చేరేనాటికి మా పత్రికలో పేస్టింగ్ సెక్షన్ మూతపడింది కానీ పాత లైట్ టేబుల్ మూలన ఉండేది, దాని మీద చాయ్ గ్లాసులు పెట్టుకునేవాళ్లం. అదే బల్ల, అదే బ్లేడు, అదే కెమెరా. చెన్నైలో 1927లో మొదలై దశాబ్దాల పాటు చేత్తోనే రాసిన ‘ది ముసల్మాన్’ ఉర్దూ దినపత్రికలో మొదటి పేజీ అడుగున ఒక మూల ఖాళీ వదిలేవారు, ఆఖరి నిమిషంలో వచ్చే ఖబర్ కోసం. బోర్డు గీసే ఉస్తాదులు కూడా కొంచెం జాగా అట్టే పెట్టుకునేవాళ్లు. ఏదో ఒక గీత చివర్లో తప్పకుండా మిగిలిపోతుంది మరి.

ఇప్పుడు మన షౌఖీన్ల దగ్గరికి వద్దాం. శౌఖ్ కొద్దీ ఇంట్లో కూర్చుని సర్క్యూట్లు చేసేవాళ్లు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో ఒక ఇంటి గ్యారేజీలో ఇలాంటి ముప్ఫై మంది దాకా కూడారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు అదే. అందులో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కాలిక్యులేటర్లు డిజైన్ చేసే స్టీవ్ వోజ్నియాక్ ఉన్నాడు. కుర్రప్పటి నుంచీ ఇతనికి ఒక్కటే పిచ్చి. ఏ సర్క్యూట్ అయినా కంపెనీ వాళ్ల కంటే తక్కువ చిప్పులతో చేయాలి. కొనడానికి డబ్బులేని రోజుల్లో కాగితం మీదే కంప్యూటర్లు గీసి, మళ్లీ గీసి, ప్రతిసారీ ఒకటో రెండో చిప్పులు తగ్గించేవాడు. కిఫాయత్ అతనికి ఇబాదత్ లాంటిది.

ఆ ఏడాదే అటారీ కంపెనీ ‘బ్రేకవుట్’ అనే వీడియో గేమ్ పని స్టీవ్ జాబ్స్‌కు అప్పగించింది. చిప్పులు ఎంత తగ్గిస్తే అంత బోనస్. జాబ్స్ పని తెచ్చి వోజ్నియాక్‌కు ఇచ్చాడు. నాలుగు రాత్రులు నిద్రలేకుండా కూర్చుని అతను దాన్ని దాదాపు 45 చిప్పుల్లో ఇమిడ్చాడు. ఎంత ఇరుకుగా అల్లాడంటే అటారీ ఇంజనీర్లు దాన్ని తమ పద్ధతిలో తయారీకి తేలేక, అమ్మకానికి వేరే నక్షా చేసుకున్నారు. వోజ్నియాక్ చేతికి 350 డాలర్లు వచ్చాయి. మొత్తం 700 ఇచ్చారని, అందులో సగం ఇదని జాబ్స్ చెప్పినట్టు అతను ఎన్నోసార్లు అన్నాడు. బోనస్ వేలల్లో వచ్చిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నేను సగం ఇచ్చాననే జాబ్స్ అంటూ వచ్చాడు. ఇద్దరి మాటా చెప్పాను, ఫైసలా మీది. నా మట్టుకు నాకు ఐస్లర్ పౌండు గుర్తొచ్చింది.

1976లో వాళ్ల మొదటి కంప్యూటర్, ఆపిల్-1. ఒట్టి బోర్డే, పెట్టె కూడా లేదు. ధర 666.66 డాలర్లు. దాదాపు 200 చేశారు. జాబ్స్ ఇంట్లో అతని చెల్లెలు బోర్డుల్లో చిప్పులు గుచ్చింది, బోర్డుకు ఒక డాలరు చొప్పున. ఈ వివరం పెద్ద కథల్లో ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది.

నాకు మరీ నచ్చేది దాని తర్వాతి ముచ్చట. 1977 డిసెంబరు. ఆపిల్-2కు ఫ్లాపీ డ్రైవు కావాలి, జనవరిలో లాస్ వేగాస్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాలి. క్రిస్మస్ సెలవుల్లో అందరూ ఇళ్లకు పోతే వోజ్నియాక్ ఆఫీసులో కూర్చున్నాడు. డ్రైవును నడిపే కార్డులను ఇతరులు నలభై, యాభై చిప్పులతో చేస్తుండగా అతను ఎనిమిదింటితో ముగించాడు. చాలా పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడమే అందులో కిటుకు. ఇక బోర్డు గీయాలి. మామూలుగా ఆ పని వేరే డ్రాఫ్ట్స్‌మన్‌కు ఇస్తారు. ఇతను లైట్ టేబుల్ దగ్గర తనే కూర్చుని, రాత్రులు టేపు అంటిస్తూ గీశాడు. అంతా అయిపోయాక చూసుకుంటే ఒక సంగతి తట్టింది. డేటా పట్టుకునే ఒక చిప్పులో బిట్ల వరసను తిప్పేస్తే గీతలు ఒకదాన్నొకటి దాటే చోట్లు తగ్గుతాయి, కొన్ని రంధ్రాలు మిగులుతాయి. వరస తిప్పినా పని మారదు, సాఫ్ట్‌వేర్ సంగతి తనే చూసుకుంటాడు. చేసినదంతా పీకేసి మొదటి నుంచీ మళ్లీ గీశాడు. రెండు మూడు రంధ్రాల కోసం! కొన్నవాడికి కనపడదు, కంపెనీ అడగలేదు.

“మియా, ‘సాహిబ్’ తీసేసి ‘జనాబ్’ ముందు పెడదామా?” అని కాతిబ్ సాబ్ అడిగింది సరిగ్గా ఇదే. ఇరుకు జాగాలో సామాను పట్టించడం నొక్కి కుక్కడంతో అయ్యే పని కాదు. గీత పట్టకపోతే అసలు మాటనే కొంచెం మార్చాలి, మతలబ్ చెడకుండా. అది చేయాలంటే గీసేవాడికి మతలబ్ తెలియాలి. కలం పట్టిన చేతికి దిమాగ్ ఉందని ఎదుటివాడు ఒప్పుకోవాలి. మా డెస్కులో హెడ్డింగు పట్టనప్పుడు పేజీ పెట్టే ఆపరేటర్ మాట వినే సబ్ ఎడిటర్ పేజీ బాగుండేది, వినని సబ్ ఎడిటర్ పేజీలో అక్షరాలు నలిగిపోయేవి.

ప్లెస్సీ వాళ్లకు తెలియంది ఇదే. తీగలు అల్లే ఆడపిల్లల వేళ్లు కనిపించాయి, ఆ వేళ్లు ఏం ఆలోచిస్తున్నాయో కనపడలేదు. అమెరికాలో షిప్రాక్ అనే ఊరుంది, నవాహో ఆదివాసీల ఇలాఖా. 1965లో ఫెయిర్‌చైల్డ్ అనే చిప్పుల కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ తెరిచింది. ఒక దశలో వెయ్యి మందికి పైగా నవాహోలు పనిచేశారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. 1969లో కంపెనీ ఒక బ్రోచర్ వేసింది. ఒక పక్క నవాహో తివాచీ డిజైను, ఇంకో పక్క చిప్పు నక్షా. తరాలుగా నేతలో ఆరితేరిన వేళ్లు కాబట్టి ఈ పని వాళ్లకు సహజంగా వస్తుందన్నది దాని భావం. తారీఫ్ లాగే వినిపిస్తుంది. కానీ హునర్‌ను ‘సహజం’ అనేస్తే నేర్చుకున్న మెహనత్ లెక్కలోకి రాదు, దానికి వేరే జీతమూ ఇవ్వక్కర్లేదు. 1975లో కొందరిని పని నుంచి తీసేశాక ఆదివాసీ ఉద్యమం వాళ్లు ఫ్యాక్టరీని ఆక్రమించారు. కంపెనీ తాళం వేసి వెళ్లిపోయింది.

ఆ బ్రోచర్ సంగతి చదివిన రోజు అమ్మీ కార్చోబ్ చట్రం కళ్లముందు కదిలింది. పాతబస్తీలో ఇంట్లోనే కూర్చుని, పీసుకు ఇంత అని జరీ పని చేసే ఆడవాళ్లు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. అమ్మీ వాళ్లలో ఒకరు. బేపారి కాగితం మీద పువ్వు గీసి పంపేవాడు. ఖమీజ్ గొంతు దగ్గర ఆ పువ్వు పట్టేది కాదు. ఏ రేక తగ్గించాలో, తీగను ఎటు తిప్పాలో అమ్మీ అక్కడికక్కడ తేల్చేది. ఆ తేల్చడానికి రేటు లేదు. కుట్టిన పువ్వుకే రేటు.

వోజ్నియాక్ గురించి ఒక మాట మిగిలింది. 1980లో ఆపిల్ షేర్లు బజారులోకి రాబోతుండగా, వాటా దక్కని తోటి పనివాళ్లకు తన సొంత షేర్లను తక్కువ ధరకు ఇచ్చాడు. పెద్ద పెద్ద బోర్డు మీటింగుల తారీఖ్ కంటే ఇది నాకు ఎక్కువ గుర్తుంటుంది.

మన వైపు కథ కూడా చిన్నదేం కాదు. 1967లో ఈసీఐఎల్ హైదరాబాద్‌లో వెలిసింది, 1969కల్లా టీడీసీ-12 అనే కంప్యూటర్ చేసింది. కోఠీలో గుజరాతీ గల్లీకి పోతే రెసిస్టర్ల నుంచి రాగి పలకల దాకా ఈరోజుకీ దొరుకుతాయి. ఫెర్రిక్ క్లోరైడ్ పొడిని ప్లాస్టిక్ టబ్బులో కలిపి, రాగి పలక మీద మార్కర్‌తోనో నెయిల్ పాలిష్‌తోనో గీసి, బట్టల మీద పసుపు మరకలు చేసుకుని తిట్లు తిన్న కుర్రాళ్లు ప్రతి బస్తీలో ఉన్నారు. ఇప్పుడు తేజాబు అవసరం కూడా తగ్గింది. ఫ్రాన్స్‌లో జాన్ పియేర్ షారాస్ 1992లో మొదలుపెట్టిన కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. తెర మీద గీసి ఫైలు పంపితే చైనా నుంచి బోర్డులు ఇంటికొస్తాయి.

మా భాంజా ఇంజనీరింగ్ రెండో ఏడు. రమ్జాన్ ముందు సహరీ అలారం గడియారం చేస్తానని కూర్చున్నాడు. పెట్టె ఏదంటే పాత ఇత్తర్ డబ్బా. అంటే బోర్డు 50 మిల్లీమీటర్ల పొడవు, 40 వెడల్పు దాటకూడదు. అందులో నాలుగంకెల డిస్‌ప్లే, మైక్రోకంట్రోలరు, డీఎస్ 3231 అనే గడియారం చిప్పు, గుండీ సెల్లు, బజరు, మూడు బటన్లు. గీతలన్నీ దానంతటదే గీసే ఆటోరౌటర్‌కు అప్పగించాడు. అది రాత్రంతా తంటాలుపడి మూడు గీతలు మిగిల్చి, రంధ్రాలతో బోర్డును జల్లెడ చేసిపెట్టింది. వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. నాకు ఎలక్ట్రానిక్స్ రాదు. కాతిబ్ సాబ్ ముచ్చట, వోజ్నియాక్ ముచ్చట చెప్పాను, అంతే. కాసేపు తల గోక్కుని, “మామూ, డిస్‌ప్లే తీగ ఏ కాలికి పోవాలన్నది ప్రోగ్రాములో నేనే కదా రాసేది!” అన్నాడు. డిస్‌ప్లే ఎదురుగా ఏ కాలు ఉంటే ఆ కాలికే తిన్నగా గీత గీశాడు. ప్రోగ్రాములో అంకెల వరస మార్చుకున్నాడు. రంధ్రాలు ముప్పైకి పైగా ఉన్నవి పదకొండుకు దిగాయి. గడియారం చిప్పు కాళ్లకు ఆనించి పెట్టాల్సిన చిన్న కెపాసిటరుకు కూడా జాగా దొరికింది.

సెల్లు పక్కన గోరంత మూల మిగిలింది. అక్కడ నానీమా పేరు ఉర్దూలో వేయాలన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉర్దూ అక్షరాలు కలవలేదు, దేనికది విడివిడిగా పడ్డాయి. చివరికి అమ్మీ చేతే కాగితం మీద కలంతో రాయించి, ఫోటో తీసి, బొమ్మగా మార్చి పెట్టాడు. అమ్మీకి ఇప్పుడు చూపు మందగించింది, వేలు వణుకుతుంది, అయినా మూడుసార్లు రాసి మూడోది ఇచ్చింది. మూడు వారాలకు ఐదు బోర్డులొచ్చాయి. గడియారం మొదటిసారే నడిచింది. తెల్ల అక్షరాలు మాత్రం, ఫ్యాక్టరీవాళ్లు వేయగల గీత కంటే సన్నగా ఉన్నచోట పడలేదు. ఐదింటిలోనూ అదే నుక్తా లేదు. అమ్మీ కళ్లద్దాలు పెట్టుకుని బోర్డును దగ్గరగా పట్టుకుని చూసి, సూది తెమ్మంది. వైట్‌నర్‌లో ముంచి ఐదింటికీ తనే పెట్టింది.